అమ్మ ఓవెన్‌లో కాలిన ఏలియన్లు

పోయిన ఆదివారం మా ఇంట్లో అటక ఖాళీ చేసే కార్యక్రమం పెట్టుకున్నాం, పెట్టింది మా ఆవిడ, ఎక్కింది నేను. చెన్నై సాలిగ్రామంలో పాత ఫ్లాట్ మాది, నాన్న కొన్నది, ఆ అటక మీద ఏముందో ఆయనక్కూడా గుర్తుండదు. రెండు ఇత్తడి బిందెలు, తిరగని మిక్సీ, నా ఇంజనీరింగ్ నాటి డ్రాఫ్టర్, వీటన్నిటి వెనక ఒక అట్టపెట్టె, తీసి చూస్తే నిండా వీసీడీలు డీవీడీలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా జీతంలో చిల్లరంతా ఎటు పోయిందో అక్కడ తెలిసింది. దిగు దిగు అని కింద నుంచి అరుస్తున్నా వినకుండా నిచ్చెన మీదే కూర్చుని ఒక్కోటీ తిప్పి చూస్తుంటే దొరికింది, బ్యాడ్ టేస్ట్.

అట్ట మీద ఒక ఏలియన్, ఒక చేతిలో తుపాకీ, రెండో చేతి మధ్య వేలు ఎత్తి మనకే చూపిస్తుంటాడు. 2004లో కొన్నా దీన్ని, బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్‌లో. ఆ ఏడాదే లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మూడో భాగానికి 11 ఆస్కార్లు వచ్చాయి కదా, ఆఫీసులో క్యాంటీన్లో ఎక్కడ చూసినా పీటర్ జాక్సన్ గోలే, షాపతను ఇది చేతిలో పెట్టి "అదే డైరెక్టర్ దాన్ సార్, ఫస్ట్ పడం" అన్నాడు, అంతే కొనేశా. ఇంటికొచ్చాక అమ్మ చూస్తే ఏమంటుందో అని ఆ వేలు మీద ధర స్టిక్కర్ అంటించా. ఇరవై ఏళ్ళయినా స్టిక్కర్ అలాగే ఉంది, కాస్త పసుపెక్కింది.

అప్పట్లో చూశా గానీ సరిగా చూడలేదు. ఫ్రెండ్స్ ఉన్నారు, బిర్యానీ ఉంది, అరుపులు కేకలు, తల పగిలినప్పుడల్లా ఈలలు. సినిమా అంటే అదే అనుకున్నా. అసలు చూడటం అన్నది మొన్న ఆదివారమే జరిగింది, అదీ మా మావయ్య పుణ్యాన.

మావయ్య అంటే అమ్మ తమ్ముడు. వడపళనిలో ఉంటాడు, 74 ఏళ్ళు. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరి నుంచి సినిమా పిచ్చితో మద్రాసు రైలెక్కి వచ్చినవాడు, వేషాలు రాలేదు, ఎలాగో రికార్డింగ్ థియేటర్లో దూరి ఎఫెక్ట్స్‌లో సెటిలయ్యాడు. ఎఫెక్ట్స్ అంటే ఇప్పుడు అందరూ గ్రాఫిక్స్ అనుకుంటారు, అది కాదు. తెర మీద గుర్రం పరిగెడుతుంటే కింద మైకు ముందు కొబ్బరి చిప్పలు కొట్టేవాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళు. హీరోయిన్ నడుస్తుంటే గజ్జెలు పట్టుకుని ఆ నడకకి సరిగ్గా ఆడించేది ఈ మీసాల మావయ్యే. ముప్ఫై ఏళ్ళ పైన చేశాడు, టైటిల్స్‌లో పేరు మహా అయితే నాలుగైదు సార్లు పడి ఉంటుంది, అదీ ఇంటిపేరు తప్పుగా. సినిమా వాళ్ళంతా హైదరాబాద్ కదిలిపోయినప్పుడు ఈయన కదల్లేదు, అత్తయ్యకి ఇక్కడి కూరగాయలు అలవాటైపోయాయట. అదీ కారణం.

భోజనానికి వచ్చారు ఇద్దరూ. గోంగూర పచ్చడి, ములక్కాడ పులుసు అయ్యాక నేను డీవీడీ ప్లేయర్ దుమ్ము దులిపి, ఆన్ అవుతుందో లేదో చూద్దామని ఆ డిస్కే పెట్టా, రెండు నిమిషాలు చూసి తీసేద్దామనే. మావయ్య సోఫాలో ఒరిగి కళ్ళు మూసుకున్నాడు, కునుకు టైం అది. మూడో నిమిషమో నాలుగో నిమిషమో, కళ్ళు తెరవకుండానే, "ఇది షూటింగ్‌లో సౌండ్ లేకుండా తీసిన పిక్చర్ రా, మొత్తం తర్వాత వేశారు" అన్నాడు.

ఎడమ చెవి సరిగా వినపడదు ఆయనకి. ఆ ఒక్క చెవితో, కళ్ళు మూసుకుని పట్టేశాడు. ఎలా అంటే, బయట కొండ మీద మాట్లాడుతున్నారు, గాలి కొడుతోంది, మాటలో మాత్రం గాలి లేదు, గదిలో మాట్లాడినట్టుంది అన్నాడు.

నిజంగానే అంతే. ఇది న్యూజిలాండ్ సినిమా, 1983లో మొదలుపెట్టి 1987కి పూర్తి చేశారు. అప్పుడు జాక్సన్‌కి ఇరవై రెండేళ్ళు కూడా సరిగ్గా లేవు, వెల్లింగ్టన్‌లో ఈవెనింగ్ పోస్ట్ అనే పేపర్లో ఫోటో ఎన్‌గ్రేవర్ ఉద్యోగం, అంటే ఫోటోలని అచ్చుకి పనికొచ్చేలా తయారుచేసే పని. జీతంలో మిగిలిన డబ్బుతో ఒక బోలెక్స్ 16 ఎంఎం కెమెరా కొన్నాడు. అది కీ ఇచ్చి నడిపే కెమెరా, గోడగడియారంలాగా. ఒకసారి కీ ఇస్తే అర నిమిషం లోపే ఆగిపోతుంది, అంటే సినిమా మొత్తంలో ఏ షాటైనా అంతకంటే పొడవు ఉండదన్నమాట, మళ్ళీ కీ ఇవ్వాలి. వంద అడుగుల రీలు వేస్తే మూడు నిమిషాలు కూడా రాదు. పైగా సౌండ్‌తో కలిపి నడిచే రకం కాదది, కాబట్టి మాటలు, అడుగులు, తుపాకులు, ఎముకలు విరగడం, అన్నీ తర్వాత కూర్చుని అతికించినవే.

ఇదంతా నేను చదివి తెలుసుకున్నది, ఈయన కునుకులో చెప్పాడు. కళ్ళు తెరిచి లేచి కూర్చున్నాడు, ఇక ఆ మధ్యాహ్నం నిద్ర లేదు ఆయనకి.

కథ చెప్పాలి కదా. సముద్రం ఒడ్డున కైహోరో అని ఒక చిన్న ఊరు. ఒక్క మనిషి లేడు, అందరూ మాయం. మావోరీ భాషలో కై అంటే తిండి, ఆ పేరులోనే జోకు పెట్టారు. ఎందుకంటే వేరే గ్రహం నుంచి ఒక ఫాస్ట్‌ఫుడ్ కంపెనీ వాళ్ళు వచ్చి ఊరివాళ్ళందర్నీ కోసి డబ్బాల్లో పెట్టేశారు, మనిషి మాంసం కొత్త ఐటం, అక్కడ బాగా ఆడుతుందని వాళ్ళ ఓనరు లార్డ్ క్రంబ్ ఆశ. వీళ్ళని ఆపడానికి ప్రభుత్వం తరఫున నలుగురు దిగుతారు, ఆస్ట్రో ఇన్వెస్టిగేషన్ అండ్ డిఫెన్స్ సర్వీస్, పొట్టి పేరు చేసి చూసుకోండి ఏ జబ్బు పేరొస్తుందో, ఆ పేరు మార్చుకుంటే బావుండని వాళ్ళలో వాళ్ళే అనుకుంటారు. ఇదే సమయానికి చందాలు వసూలు చేసుకునే పాపం ఒకాయన ఆ ఊళ్ళోకి వచ్చి వాళ్ళకి చిక్కుతాడు, స్పృహ వచ్చేసరికి తొట్టిలో మెడ వరకూ మసాలా నీళ్ళలో కూరగాయల మధ్య ఊరుతుంటాడు, నోట్లో యాపిల్ పండు. అత్తయ్య చూసి "రాత్రంతా ఊరబెట్టారంటావా?" అని అడిగింది. పెరుగు వేయలేదని కూడా గమనించింది.

మా ఆవిడకి నచ్చలేదు, అది చెప్పేయాలి. పావుగంట చూసి "ఈ ఊళ్ళో ఆడవాళ్ళు లేరా, లేకపోతే ముందు వాళ్ళనే తినేశారా?" అని అడిగి లోపలికెళ్ళింది. కరెక్టే, ఆడమనిషి మొహం ఇందులో దాదాపు కనపడదు. ఫ్రెండ్సంతా కలిసి ఆదివారాలు తీసుకున్న సినిమా, ఆ గ్యాంగులో ఆడపిల్లలు లేరు, ఆ లోటు తెలుస్తూనే ఉంటుంది. ఇంకో లోటు, మధ్యలో తుపాకుల గోల ఎక్కువై సాగుతుంది, ఒకడు కాలుస్తాడు ఒకడు పడతాడు, ఒకడు కాలుస్తాడు ఒకడు పడతాడు. అక్కడ నేను ఫోను చూసుకున్నా, దాచడం ఎందుకు.

కానీ ఆ పడేవాళ్ళని చూసి మావయ్య ఒకటి అన్నాడు. ఏలియన్లు మనుషుల వేషంలో తిరిగేటప్పుడు అందరికీ నీలం చొక్కా, జీన్స్ ప్యాంటే. "ఇది కాస్ట్యూమ్ కాదురా, లెక్క. నలుగురే ఉన్నారు వాళ్ళ దగ్గర, నలుగుర్నే తిప్పి తిప్పి చంపుతున్నారు, బట్టలొకటే అయితే మొహం ఎవడు చూస్తాడు." ఆ తర్వాత ఒకడు రెండోసారి చచ్చాడని పాజ్ చేయించాడు, వెనక్కి తిప్పించాడు, ముందుకి తిప్పించాడు. నాకైతే ఇద్దరూ వేరే అనిపించింది. అతనే అంటాడు.

ఆ పాజూ రివైండూ లేకపోతే ఈ సినిమా సగమే అనిపిస్తుంది నాకు. హాల్లో ఒక్కసారి చూసి వచ్చేస్తే వికారం మాత్రమే మిగులుతుంది. 1988లో కాన్ ఫిల్మ్ మార్కెట్‌లో చాలా దేశాల వాళ్ళు దీన్ని కొనుక్కున్నారు, కానీ జనం దీన్ని గుండెకి హత్తుకుంది వీడియో క్యాసెట్ వల్లే, చేతులు మారి మారి. మాకూ తెలుసుగా ఆ రోజులు. ఇదే సాలిగ్రామంలో వీధికో వీడియో లైబ్రరీ ఉండేది, శనివారం సాయంత్రం డెక్కు అద్దెకి తెచ్చి ఆదివారం సాయంత్రానికి తిరిగివ్వాలి, ఆ లోపు నాలుగు సినిమాలు కుక్కేయాలి, పక్కింటి వాళ్ళు కూడా చాపలు తెచ్చుకుని వచ్చేవాళ్ళు. మంచి సీను వచ్చే చోట టేపు అరిగిపోయి తెర మీద వాన పడుతుండేది. ఎంత వాన పడితే ఆ సీను అంత గొప్పదని లెక్క.

ఒక విషయంలో క్యాసెట్టే మేలు అంటాను. డీవీడీలో మాస్కుల అంచులు తెలిసిపోతున్నాయి, మెడ దగ్గర రబ్బరు ఎక్కడ ఆగిందో కనిపిస్తోంది. అరిగిన టేపులో ఆ మసక అన్నీ కప్పేసేది. మావయ్య ఒప్పుకోలేదు, అంచు కనపడితేనే బావుందట.

ఆ మాస్కుల సంగతి ఆయనకి చెప్పా. ఆఖర్లో ఏలియన్లు అసలు రూపంలోకి వస్తారు, పెద్ద పెద్ద తలలు, చొక్కాలు చిరిగిపోయే వీపులు. ఆ తలలన్నీ ఫోమ్ లేటెక్స్ అనే రబ్బరు నురుగుతో చేసినవి, అచ్చులో పోసి వేడి పెట్టాలి, దానికి ఫ్యాక్టరీ ఓవెన్ ఎక్కడిది, జాక్సన్ అప్పటికి పుకెరువా బే అనే ఊళ్ళో అమ్మానాన్నల ఇంట్లో ఉంటున్నాడు, వంటింట్లో అమ్మ ఓవెన్ ఉంది. అందులోనే కాల్చాడు. తుపాకులు అల్యూమినియం గొట్టాలు, చెక్కతో చేసినవి. కెమెరా కుదుపు లేకుండా నడవడానికి స్టెడీక్యామ్ లాంటిది కూడా సొంతంగా బిగించుకున్నాడు. ఒక్కడే కొడుకు వాళ్ళకి. ఇంట్లో వాళ్ళు ఏమనలేదా అని అత్తయ్య అడిగింది. ఏమనేవాళ్ళో గానీ ఓవెన్ మాత్రం ఇచ్చారు అన్నా. అత్తయ్య మావయ్య వైపు చూసింది, ఆ చూపు వెనక ఒక రోలు కథ ఉంది, ఏదో సినిమాలో యుద్ధం శబ్దం కోసం మావయ్య ఇంట్లో రోలు థియేటర్‌కి మోయించి బీట కొట్టించి తెచ్చాడట, 1979 నాటి గొడవ, ఇంకా నడుస్తోంది.

కొండ అంచున ఒక కొట్లాట ఉంది, అది మాత్రం ఎవరైనా చూడాలి. డెరెక్ అని పిచ్చి సైంటిస్టు లాంటి హీరో ఒకడు, రాబర్ట్ అని గడ్డం ఏలియన్ ఒకడు, ఇద్దరూ కొండ మీద కొట్టుకుంటారు. ఇద్దరూ జాక్సనే. మన ఎన్టీఆర్ ఏఎన్నార్ డబుల్ యాక్షన్లకి అలవాటు పడ్డవాళ్ళం, ఏముంది లెన్సు సగం మూసి ఒక్కో సగం విడిగా తీస్తారు అనుకుంటాం, ఇక్కడ ఆ వేషాలేం లేవు. గడ్డం పెంచుకుని రాబర్ట్‌గా తన వైపు షాట్లు తీసుకున్నాడు, గొరిగించుకుని డెరెక్‌గా ఇటువైపు షాట్లు తీసుకున్నాడు, మధ్యలో నెలలు గడిచాయి. తన్నింది ఒక కాలంలో, తన్ను తిన్నది ఇంకో కాలంలో. మావయ్య ఆ సీను మూడుసార్లు వేయించాడు, మూడోసారి తెర చూడకుండా నేల చూస్తూ విన్నాడు. "దెబ్బ చప్పుడు ఒకటే పెట్టాడు చూశావా రెండు వైపులకీ, అందుకే అతుక్కుంది" అన్నాడు. నాకు ఎడిటింగ్ గురించి ఎన్ని వీడియోలు చూసినా ఎక్కని ముక్క అది.

డెరెక్ కొండ మీద నుంచి పడతాడు కదా, పుర్రె వెనక చిప్ప లేచిపోతుంది, మెదడు జారుతుంటే మళ్ళీ లోపలికి నొక్కుకుని మూత పెట్టుకుని, చివరికి ప్యాంటు బెల్టు తలకి కట్టేసుకుని పనికెళ్ళిపోతాడు. భయమేసే సీను కాదు. సంచి చినిగితే పిన్నీసు పెట్టుకుని బస్సెక్కే మనిషిలా ఉంటుంది. అలాగే ఇంటిని పేల్చడానికి రాకెట్ లాంచర్ పేలిస్తే అది ఇంట్లోంచి దూసుకుపోయి అవతల గడ్డి మేస్తున్న గొర్రె మీద పడే ముక్క, అత్తయ్య "అయ్యో" అంది గానీ నవ్వాపుకోలేకపోయింది. పచ్చటి వాంతి గిన్నె ఒకరి చేతిలోంచి ఒకరికి మారే సీన్ మాత్రం నేను ఫాస్ట్ ఫార్వర్డ్ చేసేశా, ములక్కాడ పులుసు తిని గంటే అయింది.

లార్డ్ క్రంబ్ ఉన్నాడే ఆ ఓనరు, ఒళ్ళు ఒకాయనది, గొంతు ఇంకొకాయనది. ఇది చెప్పగానే మావయ్య మొహం వెలిగిపోయింది. కోడంబాకంలో సగం మంది విలన్ల సంగతీ అదేగా.

విఠలాచార్య గారు గుర్తొస్తారు తెలుగువాడికి, రాకుండా ఉండరు. జగన్మోహిని చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, 1978 సినిమా, దెయ్యం కట్టెలకి బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఖర్చేముంది ఆ సీనుకి? ఒక పొయ్యి, రెండు కొయ్య కాళ్ళు. మా తరం వాళ్ళం భయపడ్డామా నవ్వామా అంటే ఇప్పటికీ చెప్పలేను, చాపలో దూరి వేళ్ళ సందుల్లోంచి చూస్తూ నవ్వాను అనుకుంటా. హీరో డేట్లు ఇవ్వకపోతే ఆయన్ని చిలకగానో ఎలుగుబంటిగానో మార్చేసి షూటింగ్ నడిపించేవారని ఆయన మీద ఒక కథ చెప్పుకుంటారు వడపళని టీ కొట్ల దగ్గర, నిజమెంతో గానీ కథ మాత్రం బావుంటుంది. జాక్సన్ చేసిందీ దానికి చుట్టమే. చేతిలో ఉన్నదేంటో ముందు చూసుకుని, దానికి సరిపడా దెయ్యాన్నో ఏలియన్నో పుట్టించడం.

ఒక తేడా ఉంది లెండి. ఆచార్య గారు వ్యాపారం తెలిసిన నిర్మాత, తేదీ చెప్పి రిలీజ్ చేసేవారు. ఇక్కడ కుర్రాడికి తేదీ లేదు. పది పదిహేను నిమిషాల చిన్న సినిమాగా మొదలెట్టింది సాగి సాగి నాలుగేళ్ళయింది, ఫ్రెండ్స్‌లో ఒకరికి కుదిరితే ఒకరికి కుదరదు. తీసినంత వరకూ పట్టుకెళ్ళి న్యూజిలాండ్ ఫిల్మ్ కమిషన్‌కి చూపిస్తే, అక్కడ జిమ్ బూత్ అనే పెద్దమనిషి దీంట్లో విషయముందని నమ్మి పూర్తి చేయడానికి డబ్బిప్పించాడు, అప్పుడు ఉద్యోగం మానేసి కూర్చున్నాడు. సర్కారు డబ్బుతో వాంతి గిన్నె సినిమా, మన దగ్గర అయితే అసెంబ్లీలో ప్రశ్న పడేది. తర్వాత ఆ బూత్ కూడా తన ఉద్యోగం వదిలేసి జాక్సన్‌కి నిర్మాతగా వెళ్ళిపోయాడు.

చివర్లో ఏలియన్ల బంగళా బంగళాగానే ఆకాశంలోకి లేస్తుంది, రాకెట్టు అదే. లోపల డెరెక్ చైన్‌సా పట్టుకుని లార్డ్ క్రంబ్ పని పడతాడు, ఎలా పడతాడో చెప్పను. సినిమా అయ్యాక డిస్కులో ఒక డాక్యుమెంటరీ ఉంది, అదీ పెట్టమన్నాడు మావయ్య. బక్కపలచని కుర్రాడు సిగ్గుపడుతూ తన ఇంట్లో తుపాకులు, మాస్కులు తీసి చూపిస్తుంటాడు. ఇంగ్లీషు మాట ఒక్కటీ మావయ్యకి అందలేదు, ఆ యాస నాకే సగం అందలేదు, కానీ మొత్తం కళ్ళార్పకుండా చూశాడు. టీ చల్లారిపోయింది. అయ్యాక ఏమీ అనలేదు. ఆటో బుక్ చేస్తే ఇద్దరూ వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున్నే ఆరున్నరకి ఫోను. ఆ టైంలో పెద్దవాళ్ళ నుంచి ఫోనొస్తే గుండె ఆగుతుంది కదా, ఎత్తి "ఏమైంది మావయ్యా" అన్నా.

"ఏం కాలేదురా. ఆ మెదడు లోపలికి నొక్కుకుంటాడు చూడు బెల్టువాడు, ఆ చప్పుడు వాళ్ళు తడిగుడ్డతో లాగించినట్టున్నారు, చాల్లేదు. ఇది విను."

ఏదో పిసుకుతున్న చప్పుడు. తర్వాత ఒక చిన్న జారుడు, తర్వాత టప్ మని మూత పడినట్టు. ఒళ్ళు జలదరించింది, నిజం చెప్తున్నా, సినిమాలో కూడా అలా అవలేదు.

"ఏంటి మావయ్యా అది?"

"నానబెట్టిన చింతపండు. మూత కొబ్బరి చిప్పది. ఇంకో పద్ధతి ఉంది ఉండు—"

వెనక నుంచి అత్తయ్య గొంతు, పులుసుకి పెట్టుకున్న చింతపండు ఏదండీ అని. ఫోను పెట్టేశాడు.